ఏదైనా మంచి సంగతి తలుచుకోండి

నూట డెబ్బై ఆరు. మొదట పెట్టినప్పుడు నూట డెబ్బై ఒకటి, కాసేపు కూచుని ఊపిరి పీల్చి వదిలి మళ్ళీ చెయ్యి దూరిస్తే ఇంకో ఐదు పైకెక్కింది. ప్యో మాన్‌సిక్ ఆ ఎర్ర అంకెల వంక, తన చేతిని మోచేతి పైదాకా మింగిన తెల్లటి గొట్టం వంక చూశాడు. బీపీ మిషన్ లోంచి ఆడగొంతు "కదలకండి, మాట్లాడకండి" అని ముందే చెప్పింది, అతను కదల్లేదు, మాట్లాడలేదు, యాభై ఏడేళ్ళుగా అతను చేస్తున్నది ఆ రెండే, అయినా అంకె దిగలేదు. నూట అరవై దాటినవాణ్ణి ఎత్తు మీదికి పంపరు. ఈ నెలలో ఇప్పటికే రెండుసార్లు కిందనుంచే ఇంటికి పంపేశారు. ఇవాళ కూడా అయితే పైన పనిచేసేవాళ్ళలోంచి పేరు కొట్టేస్తారు, పేరు కొట్టేస్తే బాంగ్ మేస్త్రి సెంట్రింగ్ ముఠాలో చోటు పోతుంది, ఆ చోటు పోయినవాణ్ణి ఈ వయసులో ఇంచెయాన్‌లో కాదు కదా దేశం మొత్తమ్మీద ఏ ముఠా రమ్మనదు. ఈ సంగతి అతనికి తెలుసు, అతని గుండెకి ఇంకా బాగా తెలుసు, గొట్టం చేతిని బిగించడం మొదలుపెట్టగానే ఆ తెలిసిందంతా అంకెల్లోకి ఎక్కేస్తుంది.

"నాన్నగారూ" అంది నర్సు క్వాక్ యెరిన్. ఈ సైటులో నెరిసిన తలలన్నిటినీ ఆ అమ్మాయి అలాగే పిలుస్తుంది, పిలిచినప్పుడల్లా మాన్‌సిక్‌కి కూతురు సుల్గి గుర్తొస్తుంది, ఇద్దరిదీ ఒకే ఈడు. "ఇంకొక్కసారి చూద్దాం. అరగంట ఆ బల్ల మీద కూచోండి. కళ్ళు మూసుకోండి. ఫోను చూడొద్దు. ఏదైనా మంచి సంగతి తలుచుకోండి. అప్పటికీ దిగకపోతే మాత్రం నేనేం చెయ్యలేను."

"మంచి సంగతా."

"అదే, మీకు హాయిగా అనిపించేది. ఏదో ఒకటి ఉంటుంది కదా నాన్నగారూ."

ఉంటుంది కదా. ఎంత తేలిగ్గా అంది. అతను గోడవారన బల్ల మీద కూచున్నాడు. ఇనప డబ్బా లాంటి గది, మూలన కరెంటు కుంపటి ఒకటి ఎర్రగా మండుతోంది, ముఖానికి వేడి, వీపుకి చలి. మట్టితో పూడ్చిన సముద్రం మీంచి వచ్చే గాలి రేకుల సందుల్లోంచి దూరి ఈల వేస్తోంది. బయట పొద్దుటి కసరత్తు పాట అయిపోయింది, మనుషులు ముఠాలుగా విడిపోతున్న బూట్ల చప్పుడు. తలుపు తోసుకుని మొదట దోగాప్ తల, దాని వెనక బాంగ్ మేస్త్రి టోపీ కనిపించాయి. దోగాప్ మాన్‌సిక్‌తో ఇరవై ఏళ్ళుగా ఒకే పలకకి ఆ చివర ఈ చివర మేకులు కొడుతున్నవాడు, నోరు మూసుకుంటే చచ్చిపోతాననుకునే రకం.

"ఏమ్మా నర్సమ్మా, మా అన్న గుండె దిగిందా, ఇంకా మేడ మీదే ఉందా?"

"మీరు బయటికి నడవండి బాబాయ్. మీరు నోరు తెరిస్తే ఆయనది ఇంకో పది ఎక్కుతుంది."

"నాది చూశావుగా. రాత్రి రెండు సీసాల సోజు పట్టించినా నూట ఇరవై ఐదు. గుండె అనేది ఉంటే కదా ఎక్కడానికి, దిగడానికి."

బాంగ్ నవ్వలేదు. ఇతనికి సుత్తి ఎలా పట్టాలో, మేకు ఏ వాలున దిగాలో నేర్పింది మాన్‌సికే; ఇప్పుడు అతనే మేస్త్రి, వయసుకి పదేళ్ళు చిన్న, మాటకి మాత్రం అన్నా అంటాడు. "అన్నా, ముప్పై నాలుగో అంతస్తు స్లాబు రేపు పోస్తారు. ఇవాళ బిగింపంతా అయిపోవాలి. నువ్వొస్తే నువ్వు, లేదంటే కొత్తగా వచ్చిన ఆ ఉజ్బెక్ వాణ్ణి ఎక్కిస్తా. నన్ను తిట్టుకోకు."

"తిట్టుకోనులే."

"మనసులో కూడా తిట్టుకోకు. నీకు మనసులో తిట్టుకునే అలవాటుంది. అదే నీకు ఎక్కిపోతోంది."

తలుపు మూసుకుంది. మనసులో తిట్టుకోకూడదట, పైకి తిడితే పని ఉండదు, మధ్యలో మిగిలిన చోటేదో వాడే చెప్పాలి. కళ్ళు మూసుకో, మంచి సంగతి. సరే. సముద్రం. మంచి సంగతి అనగానే అందరూ సముద్రమే తలుచుకుంటారు కాబోలు. కాంగ్నంగ్ ఒడ్డున పెళ్ళయిన మర్నాడు సున్‌యే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నీళ్ళ అంచున నడుస్తోంది, ఆ అంచు వెనక్కి పోతుంటే కాళ్ళ కింద ఇసక జారుతుందని కేకలు పెడుతోంది, ఆమె నవ్వితే పక్క పన్ను ఒకటి మీదికి ఎక్కి కనిపించేది, ఇప్పుడది లేదు, పీకించేసింది. బాగుంది, ఇది బాగుంది, ఇక్కడే ఆగు, నీళ్ళు, ఇసక, పక్క పన్ను. కాని సముద్రం ఆగదు కదా, ఆ సాయంత్రం బసకి తిరిగొచ్చేసరికి యజమానురాలు గుమ్మంలో నిలబడి సియోల్ నుంచి ఫోనొచ్చిందని చెప్పింది, అప్పటి మేస్త్రి, రేపు స్లాబు, ఇద్దరు తక్కువయ్యారు, రాత్రి బస్సెక్కి వచ్చెయ్. వచ్చెయ్ అంటే వచ్చేశాడు. కొత్త పెళ్ళికూతుర్ని ఆ గదిలో ఒంటరిగా వదిలి, రెండు రాత్రులకి ముందే డబ్బు కట్టేశాం కదా, నువ్వుండి రా అని. ఆమె ఉండి వచ్చింది. ముప్పై ఏళ్ళయింది. మొన్న ముల్లంగి కోస్తూ కూడా అంది, "ఆ రాత్రి ఆ గదిలో గోడ గడియారం చూస్తూ కూచున్నా, అప్పుడే తెలుసుకున్నా, నేను పెళ్ళాడింది మనిషిని కాదు స్లాబుని అని." చూశావా, సముద్రం కూడా స్లాబు కిందికే వచ్చింది. మెడ పక్కన నరం టకటకలాడుతోంది, వేలు పెట్టకుండానే తెలుస్తోంది.

సున్‌యేకి లోపలి మంట జబ్బు ఉండేది. ఆ జబ్బు ఈ దేశంలో ఆడవాళ్ళకే వస్తుందని అతను అనుకునేవాడు, ఎందుకంటే అమ్మకీ ఉండేది, అత్తకీ ఉండేది, పక్కింటావిడకీ ఉండేది. గుండెల మధ్య ముద్ద కట్టినట్టుండడం, గుప్పిటతో రొమ్ము మీద దబదబా కొట్టుకోవడం, మంచు కురిసే రాత్రి కిటికీ తెరిచి నిలబడడం, దుప్పట్లోంచి పాదాలు బయట పెట్టి పడుకోవడం. బడి వంటగదిలో నూనె బాణళ్ళ ముందు పదిహేనేళ్ళు నిలబడింది, పైవాళ్ళ మాటలు పడింది, ఇంటికొస్తే ఇతని మౌనం. "నీకేం తక్కువైంది" అనేవాడు అతను, ఆమె రొమ్ము కొట్టుకుంటున్నప్పుడు. నిజంగానే తెలీక అడిగేవాడు. తర్వాత ఎవరో సూదుల వైద్యుడు చెప్పాడట, అమ్మా, కడుపులో పెట్టుకోకండి, నోటితో బయటికి అనెయ్యండి, లేకపోతే ఈ సూదులు మీకేం చెయ్యవు అని. ఆ రోజు నుంచి ఆమె అనడం మొదలుపెట్టింది. కాంగ్నంగ్ గది దగ్గర్నుంచి ఒకటొకటే తీసి అంది, అన్నం పెడుతూ అంది, పళ్ళు తోముకుంటూ అంది. రెండేళ్ళలో ఆమెకి నిద్ర పట్టింది, చెంపలు నిండాయి, కొండెక్కే ఆడవాళ్ళ గుంపులో చేరి ఆదివారాలు ఎర్ర చొక్కా వేసుకుని పోతోంది. ఆమె మంట దిగింది. అతనికెక్కింది. ఇంట్లో మంట ఒక్కటే, ఇద్దరు మనుషులు. ఒకరు దించుకుంటే ఇంకొకరు ఎత్తుకోవాల్సిందే కాబోలు. అతను ఎవరికి అనాలి? దోగాప్‌కి అంటే పొద్దున్నే సైటంతా నవ్వుతుంది. సున్‌యేకి అంటే, ఏమండీ, నాకిప్పుడే ఆరిందండీ, మళ్ళీ ముట్టించకండి అంటుంది. అంటుందో లేదో, ముందు తను అని చూస్తేగా.

నర్సుకి ఫోనొచ్చింది. అతను కళ్ళు తెరవలేదు గాని చెవులు మూసుకోవడానికి రెప్పలుండవు. "సార్, పైన మనుషులు తక్కువంటే నేనేం చెయ్యను సార్, కొలత కొలతే కదా... లేదు సార్... ఎవరికైనా పైన ఏమన్నా అయితే సంతకం నాదే కదా సార్..." ఆ తర్వాత చాలాసేపు "అలాగే సార్" లే. ఫోను పెట్టేశాక గోరు కొరుకుతున్న చప్పుడు, సన్నగా, ఎలక బియ్యం కొరికినట్టు. అతను ఒక కన్ను సందులోంచి చూశాడు. గదిలో ఎవరూ చూడడం లేదనుకుందేమో, ఆ అమ్మాయి తెల్ల కోటు చెయ్యి పైకి లాక్కుని తన చేతినే గొట్టంలో దూర్చింది. కదలకండి, మాట్లాడకండి. గొట్టం బిగిసింది, వదిలింది. అంకె ఎంతొచ్చిందో అతనికి కనిపించలేదు, ఆ అమ్మాయి మాత్రం కాసేపు దాని వంకే చూసి, మీట నొక్కి చెరిపేసి, కాఫీ పొట్లం చింపి వేడినీళ్ళలో ఒంపుకుంది.

చూడకూడనిది చూశాడు. మంచి సంగతి, మంచి సంగతి. అమ్మ చేసిన ఎండు ముల్లంగాకు పులుసు. తేబెక్ కొండల్లో గని పేట, బొగ్గు పొడికి మంచు కూడా నల్లగా కురిసే ఊరు, కట్టెల పొయ్యి, పెద్ద కుండలో ఆకు ఉడుకుతున్న వాసన, నాన్న రాత్రి షిఫ్టు దిగి వచ్చేవేళ. కడుపులో వెచ్చగా అయింది. అవును, ఇది. కుండ మీది మూత లేస్తోంది, ఆవిరి, అమ్మ చేతి వెనకభాగం, గుమ్మంలో చెప్పులు. చెప్పుల జోలికి పోకు. పోకు అనుకుంటే పోకుండా ఉంటుందా మనసు. నాన్న గనిలోకి దిగడానికి వెళ్ళగానే అమ్మ గుమ్మంలో మిగిలిన ఆయన చెప్పుల ముక్కులు ఇంటి లోపలి వైపు తిరిగేట్టు పెట్టేది, పేటలో ప్రతి ఆడదీ పెట్టేది. ముక్కు వీధి వైపు ఉంటే వెళ్ళిన మనిషి తిరిగి రాడు. ఒకరోజు బడికి ఆలస్యమై పరిగెత్తుతూ అతను వాటిని తన్నేశాడు. తన్నిన సంగతి రెండో పిరియడులో గుర్తొచ్చింది. నల్లబల్ల మీద పంతులు ఏదో రాస్తున్నాడు, అతనికి రాత కనబడలేదు, గుమ్మంలో వీధి వైపు తిరిగిన ఒక చెప్పే కనబడుతోంది, చెవుల్లో దడ దడ దడ, అదే మొదటిసారి తన గుండె తనకి వినబడడం. మూత్రానికని చెప్పి బయటపడి కొండ దారంతా ఇంటిదాకా పరిగెత్తాడు. అమ్మ అప్పటికే సరిచేసేసింది. సరిచేసిన చెప్పుల పక్కన కూచుని రొమ్ము మీద గుప్పిటతో కొట్టుకుంటోంది. నాన్న వచ్చాడు ఆవేళ, ముఖంలో కళ్ళూ పళ్ళూ తప్ప ఏమీ లేకుండా వచ్చాడు, పులుసులో అన్నం ముంచుకు తిన్నాడు. గని ఆయన్ని ఒక్కసారిగా మింగలేదు, నమిలింది. పన్నెండేళ్ళు ఊపిరితిత్తుల్లో ధూళితో దగ్గి దగ్గి పోయాడు. దగ్గు తెర ఆగినప్పుడల్లా కొడుకు వంక చూసి ఒక్కటే మాట చెప్పేవాడు, ఓర్చుకో. ఆయన ఇచ్చిన ఆస్తి అదొక్కటే. ఆ మాట పట్టుకునే పదిహేనేళ్ళకి బడి మానేసి సుత్తి పట్టుకున్నాడు. సైన్యంలో సార్జెంటు అదే అన్నాడు, మొదటి మేస్త్రి అదే అన్నాడు. ఒత్తిడి అనే మాట అప్పుడు లేదు. దానికి బతుకు అని పేరు.

ఇప్పుడైతే దానికి బొమ్మలు కూడా ఉన్నాయి. పోయిన నెల భద్రతా పాఠం గంటలో ఎవరో పట్టుచొక్కా మేడం వచ్చి తెర మీద బక్కెట్టు బొమ్మ వేసింది. ఒత్తిడి అందరి మీదా వానలా పడుతుందట, తేడా వానలో లేదట, ఎవరి దగ్గర ఏ గొడుగుందో అందులో ఉందట. స్నేహితులు ఒక గొడుగు, నిద్ర ఒక గొడుగు, సరదాగా చేసుకునే పని ఒకటి, దేవుడు ఒకటి, నా వల్ల అవుతుంది అన్న నమ్మకం అన్నిటికన్నా పెద్ద గొడుగు. గొడుగులున్నవాళ్ళకి గుండెజబ్బులు తక్కువని పరిశోధనలు చెబుతున్నాయట. బక్కెట్టు బొమ్మ వేసి గొడుగులెందుకు చెప్పిందో ఎవరికీ అర్థం కాలేదు. "మీ దగ్గర ఏముంది?" అని ముందు వరసలో దోగాప్‌నే అడిగింది పాపం.

"నా దగ్గర పెళ్ళాం ఉంది మేడం. వానా అదే, గొడుగూ అదే."

అందరూ పగలబడి నవ్వారు, మేడం కూడా నవ్వింది, పాఠం అయిపోయింది, బీపీకి మంచిదని తలకో ఉల్లిరసం పొట్లం పంచారు. మాన్‌సిక్ ఆ రాత్రి పడుకుని లెక్కపెట్టుకున్నాడు. స్నేహితుడు, దోగాప్, వాడితో వానాకాలమంతా మాట్లాడొచ్చు గాని వాన గురించి మాట్లాడలేం. నిద్ర, తెల్లవారుఝాముకే మెలకువ, ఆ తర్వాత కప్పు వంక చూడ్డం. సరదా, ఏమీ లేదు. చిన్నప్పుడు వాగులో చేపలు పట్టేవాడు, వాగు మీద ఇప్పుడు జూదశాల కట్టారు. దేవుడు, సున్‌యే చూసుకుంటుంది. నమ్మకం. సుత్తి పట్టినంతసేపూ ఉండేది, నిజం చెప్పాలంటే ఉండేది, పలక అతుకు మీద వేలు పెట్టి సిమెంటు పాలు ఎక్కడ కారతాయో చెప్పగలననే నమ్మకం. ఆ సుత్తి పట్టనియ్యడానికే ఇప్పుడు మిషన్ ఒప్పుకోవడం లేదు. గొడుగు చేతిలో ఉన్నవాణ్ణే వానలోకి పంపుతారు, గొడుగు తెచ్చుకోవాలంటే వానలోకే వెళ్ళాలి. ఆస్పత్రికి వెళ్ళి మాత్రలు రాయించుకోవచ్చు కదా అని ఈ నర్సమ్మే రెండుసార్లు చెప్పింది, రోజుకొకటి వేసుకుంటే నిక్షేపంగా పని చేసుకోవచ్చు నాన్నగారూ అని. ముఠాల్లో ఎవడూ రాయించుకోడు. ఆస్పత్రి కంప్యూటర్లో బీపీ అని పడితే సైటు కంప్యూటర్లో కూడా పడుతుందని అందరికీ గట్టి నమ్మకం. కొలతకి ముందు ఉల్లిరసం, మెడ మీద తడిగుడ్డ, ఒంటేలు పోసుకురావడం, బొటనవేలి సందు నొక్కుకోవడం, ఇవే వైద్యాలు. ఇవాళ మూడు పొట్లాలు తాగాడు. తేనుపు వస్తే ఉల్లిపాయ, కళ్ళలో నీళ్ళు.

సుల్గిని తలుచుకుందాం. కూతురు మంచి సంగతి కాదా. నడక నేర్చేటప్పుడు అతని రెండు బొటనవేళ్ళూ పట్టుకుని, అతని బూట్ల మీద తన పాదాలు పెట్టి, అతను నడిస్తే అది నడిచేది. ఆ బరువు ఇప్పటికీ పాదాల మీద తెలుస్తుంది. ఇప్పుడు ఫోన్లెత్తే కంపెనీలో చేస్తోంది. బట్టలుతికే మిషన్లు పాడైనవాళ్ళందరూ దానికి చేసి తిడతారు, అది ప్రతి తిట్టుకీ, చాలా బాధాకరమండీ, క్షమించండి కస్టమరుగారూ అనాలి, గొంతులో నవ్వు వినబడాలి, వినబడకపోతే మార్కులు తగ్గిస్తారు. ఇంటికొచ్చి మాట్లాడదు. ఫోనులో ఎవరో అమ్మాయి గిన్నెలు గిన్నెలు నూడుల్స్ తింటుంటే అది చూస్తూ కూచుంటుంది, తను తినదు. పోయిన చలికాలం ఒకరాత్రి గుమ్మంలో బూట్లు విప్పుతూ అంది, "నాన్నా, నాకు చెవిలో హోరు ఆగట్లేదు. ఫోను పెట్టేశాక కూడా తిడుతున్నట్టే ఉంటోంది." అతను అన్నం తింటున్నాడు. ఏమన్నాడు? ఏమంటాడు, తన దగ్గర ఉన్నదే ఇచ్చాడు. ఓర్చుకో అన్నాడు. అది ఊఁ అని లోపలికి పోయింది. మొన్న పొద్దున పులుసు గిన్నె మీదికి తల వంచి తింటుంటే చూశాడు, నడినెత్తిన, జుట్టు మధ్యలో, నాణెమంత మేర నున్నగా, తెల్లగా, ఒక్క వెంట్రుక లేకుండా. చెయ్యి వేద్దామనుకున్నాడు. వెయ్యలేదు. చెయ్యి వేస్తే దానికి తెలిసిపోతుంది తను చూశానని, తెలిస్తే తలెత్తి చూస్తుంది, చూస్తే ఏం చెప్పాలి. కిమ్చి గిన్నె దాని వైపు జరిపాడు. అంతే. చెవుల్లో దడ దడ, అదిగో, ఇప్పుడు చెయ్యి పెడితే రెండొందలు చూపిస్తుంది, మిషన్ పగిలిపోతుంది. ఇంకెంత సేపుంది. గడియారం వంక చూడకూడదు. ఇక అయిపోయింది, పేరు కొట్టేస్తారు, కొట్టెయ్యనీ. నేనేం చెయ్యగలను. ఎవరెవరో వచ్చి నా లోపల మంట పెట్టి పోతారు, ఆర్పుకునే బాధ్యత మాత్రం నాది, అదీ అరగంటలో, బల్ల మీద కూచుని.

కొట్టెయ్యనీ అనుకున్నాక లోపల ఏదో తాడు వదులైంది. తల వెనక రేకు గోడకి ఆనింది. ఆ వదులులోంచి, పిలవకుండా, ఆ ఆస్పత్రి కప్పు వచ్చింది. తెల్ల పలకల కప్పు, ఒక పలక మీద తేనెరంగు తడి మరక, కుందేలు ఆకారంలో. ఎనిమిదేళ్ళ కిందట ఇంకో ఊళ్ళో ఇంకో సైటులో పరంజా పలక ఒకటి ఎవడో కట్టకుండా వదిలాడు, అతను దాని చివర కాలు వేశాడు, పలక తూగుడుబల్లలా లేచింది. పెద్ద ఎత్తేం కాదు. కాని గాలిలో ఉన్న ఆ కాసేపు చాలా పొడుగ్గా ఉండింది. సుత్తి జారిపోయింది, పలక జారిపోయింది, పట్టుకోడానికి చుట్టూ ఏమీ లేదు, ఏమీ లేదు కనక పట్టుకోవాల్సిన పనీ లేదు. ఇక నా చేతుల్లో లేదు అనుకున్నాడు, సరిగ్గా ఆ మాటే, గాలిలో. ఎంత మెత్తగా ఉండింది ఆ మాట. తర్వాత ఇసకకుప్ప, రెండు మడమలూ పిండి, కేకలు. ఆ తర్వాత కుందేలు. శీతాకాలం మొత్తం ఆ కప్పు కిందే పడుకున్నాడు. పొద్దున ఎవరూ లేపలేదు. మేస్త్రి ఫోను చెయ్యలేదు. చేసినా, అన్నా, నువ్వు హాయిగా పడుకో అన్నాడు. సున్‌యే సెలవు పెట్టి మంచం పక్కన పొట్టి బల్ల మీద కూచుని బేరిపళ్ళు తోలు తీసేది, తోలు తెగకుండా ఒకటే రిబ్బనులా వచ్చేది, ఆ రోజులన్నిటిలో ఒక్కసారి కూడా రొమ్ము కొట్టుకోలేదు. సుల్గి బడి నుంచి నేరుగా వచ్చి కట్టు మీద పుస్తకం పెట్టుకుని లెక్కలు చేసుకునేది, నాన్నా కదలకు, గీత వంకరపోతుంది అనేది. పక్క మంచం ముసలాయన రోజూ ఒకటే జోకు చెప్పేవాడు, రోజూ నవ్వేవాళ్ళు. రాత్రి నర్సు వచ్చి పట్టీ చుట్టి చూసి అనేది, ప్యో గారూ, మీ బీపీ పసిపిల్లాడి బీపీలా ఉందండీ అని. అన్నీ అడక్కుండానే తెచ్చి పెట్టారు, తనని ఏదీ అడగలేదు. పడిపోయినవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. నిలబడ్డ మనిషినే లోకం అడుగుతుంది. కుందేలు చెవి ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. కిటికీ బయట మంచు చప్పుడు లేకుండా పడుతోంది. బేరిపండు చల్లగా, తియ్యగా. ఇక నా చేతుల్లో లేదు.

"నాన్నగారూ. నిద్రపోయారా?"

చెయ్యి తనదే అన్నట్టు లేదు, ఆ అమ్మాయే పట్టుకుని గొట్టంలో పెట్టింది. బిగిసింది. ఎవరో తెలిసినవాళ్ళు జబ్బ పట్టుకున్నట్టుంది. వదిలింది.

నూట ముప్పై ఎనిమిది.

"అబ్బ" అంది యెరిన్, ముఖమంతా విప్పారి. "చూశారా, నేను చెప్పలే? మనసులోనే ఉంటుందండీ అంతా. అంకె రాసేస్తున్నా, పైకి వెళ్ళొచ్చు." ముద్ర వేసి, చేతి మీది పట్టీ గుర్తుల్ని బొటనవేలితో ఒకసారి రుద్దింది, సుల్గి చిన్నప్పుడు రుద్దినట్టు. "ఏం తలుచుకున్నారు నాన్నగారూ? చెప్పండి, మిగతావాళ్ళకి కూడా చెప్తా."

పడిపోయిన రోజుని తలుచుకున్నానని చెప్పాల్సిందే. ఆ మాట అన్న మనిషిని పైకి పంపకూడదని ఈ అమ్మాయికి తెలుసు, అతనికీ తెలుసు. నోరు తెరిచాడు. ఆ అమ్మాయి కొరికేసిన గోళ్ళు కనబడ్డాయి, బల్ల మీద ఫోను మళ్ళీ మోగుతోంది, తలుపు సందులోంచి బాంగ్ మేస్త్రి చెయ్యి ఊపుతున్నాడు, దా దా అని.

"ఏముందమ్మా" అన్నాడు. "మా అమ్మాయిని."

"ఎంత అదృష్టవంతురాలో" అంది ఆ అమ్మాయి, ఫోనెత్తుతూ.

సామాన్ల లిఫ్టు జాలీ తలుపు మూసుకుంది. బాంగ్ వీపు తట్టాడు, "చూశావా, నేను చెప్పానా, తిట్టుకోకపోతే దిగుతుందని." దోగాప్ ఉల్లిపాయ కంపు అని ముక్కు మూసుకున్నాడు. లిఫ్టు గోడవెంట గీరుకుంటూ లేచింది, పన్నెండు, పదమూడు, కిటికీలింకా పెట్టని కంతలు ఒకదాని కింద ఒకటి జారిపోతున్నాయి. ఇన్నేళ్ళూ ఈ లిఫ్టులో అతను కింది వైపు చూడలేదు, తలుపు మీది తుప్పు మరకనే చూస్తూ పోయేవాడు, కింద చూస్తే అరికాళ్ళు చల్లబడతాయి. ఇవాళ చూశాడు. ఇసకకుప్ప, దాని పక్క నర్సమ్మ ఇనప గది రేకు కప్పు అగ్గిపెట్టంత, మనుషుల పసుపు టోపీలు బియ్యపు గింజలంత. అరికాళ్ళు చల్లబడలేదు. ఏమీ కాలేదు. అలా ఏమీ కాకపోవడమే తప్పని అతనికి తెలిసింది, ఆ తెలివిడి కూడా ఎక్కడో దూరంగా, వేరే వాళ్ళింట్లో పొయ్యి మీద మాడుతున్న వాసనలా ఉంది.

ముప్పై నాలుగో అంతస్తు మీద గాలి మనిషిని తోసేస్తోంది. అటు బురద నేల, అవతల బూడిదరంగు నీళ్ళు. బాంగ్ ముందుకి పోయి ఎవరి మీదో అరుస్తున్నాడు. స్లాబు అంచుకి పలకలు బిగించాలి, వాళ్ళిద్దరి వంతూ అదే, ఎప్పటిలా ఆ చివర దోగాప్, ఈ చివర అతను. అంచు వెంట కట్టిన ఇనపతాడు గాలికి వీణ తీగలా మూలుగుతోంది. బెల్టు హుక్కు అతని చేతిలో ఉంది. చల్లగా, బరువుగా ఉంది. దాన్ని తాడుకి తగిలించాలి, అది అతనికి తెలుసు, కాని ఆ చెయ్యి తాడు దాకా ఎందుకు పోవాలో గుర్తుకి రావడం లేదు, తొందరేముంది, ఎవరూ ఏమీ అడగడం లేదు, మెత్తగా ఉంది.

"ఏందన్నా, దిష్టిబొమ్మలా నిలబడ్డావ్" అన్నాడు దోగాప్. దగ్గరికి వచ్చాడు. ముఖంలోకి చూశాడు. ఏదో జోకు వెయ్యబోయి, వెయ్యకుండా, మాన్‌సిక్ చేతిలోంచి హుక్కు లాక్కుని తనే తాడుకి తగిలించి, రెండుసార్లు గట్టిగా గుంజి చూశాడు.

టక్కుమని చప్పుడు. బెల్టు నడుముని పట్టి లాగింది. ఆ లాగుడుకి మాన్‌సిక్ అంచు వైపు చూశాడు, పాదానికీ అంచుకీ మధ్య ఎంత చోటుందో చూశాడు, అప్పుడు అరికాళ్ళు ఒక్కసారిగా మంచులో పెట్టినట్టు చల్లబడ్డాయి, గుండె దడ దడ దడ మొదలుపెట్టింది, చెవుల్లో, మెడలో, గోళ్ళ చివర్లలో, రొమ్ము మధ్య ముద్దగా, గుప్పిటతో కొట్టుకుంటే తప్ప దిగనంతగా. రెండు చేతులా ఇనపతాడు పట్టుకున్నాడు.

"పట్టుకున్నావా?" అన్నాడు దోగాప్.

పట్టుకున్నానన్నట్టు తలాడించాడు. ఇప్పుడు కొలిస్తే నూట ఎనభై దాటుతుంది.